"పంపగలరు" అన్న మాటకు ఇంగ్లీషు ఏది?

మేడమ్ గారికి నమస్కారం. గుంటూరులో మీ బీకాం విద్యార్థులు, ముఖ్యంగా తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు, వ్యాపార ఉత్తరాల్లో అయితే మరీ వంగిపోతున్నారని, లేకుంటే ఆజ్ఞాపిస్తున్నట్లు రాస్తున్నారని, దీన్ని ఎలా సరిదిద్దాలని అడిగారు. ఇది వ్యాకరణ లోపం కాదని నా అభిప్రాయం. తెలుగులో నువ్వు, మీరు, తమరు అనే మెట్లూ, పేరు వెనుక వచ్చే "గారు" హోదాను మోస్తాయి. ఇంగ్లీషులో ఉన్నది "యూ" ఒక్కటే కనుక, ఆ బరువులో ఎక్కువ భాగం "కుడ్ యూ", "వుడ్ యూ" వంటి క్రియారూపాల మీద పడుతుంది. ఈ సంగతి చెప్పకపోతే, "బిల్లు పంపగలరు" అనే మన మర్యాదైన కోరికను విద్యార్థి "కుడ్ యూ సెండ్ ద బిల్" అనడానికి బదులు "యూ కెన్ సెండ్ ద బిల్" అని మారుస్తాడు, అది అందుకున్నవారికి అనుమతి ఇచ్చినట్లు వినిపిస్తుంది. "ఐ బెగ్ టు స్టేట్" మాత్రం పాతకాలపు అర్జీల భాష, నిస్సంకోచంగా తీసివేయించండి.

మిర్చి యార్డులో రావలసిన ఒక బకాయి గురించి బాకీదారుకు, సహోద్యోగికి, యజమానికి మూడు ఉత్తరాలను ముందుగా తెలుగులో రాయించి, సంబంధాన్ని తెలిపే మాటల కింద గీత గీయించి, ఆ తరువాతే ఇంగ్లీషులో రాయించండి. విజయవాడలో నేను ఇలా చేయించినప్పుడు, కాన్వెంటు పిల్లల ముందు నోరు మెదపనివారే ఆ తేడాలను చక్కగా విప్పి చెప్పారు.

ఎంత పెద్దవారినైనా పేరు పెట్టి సంబోధించమనే సలహాను ఆటోనగర్‌లో పాటిస్తే ఆర్డరు పోవచ్చు (ఆ దెబ్బ నేను తిన్నాను). "సర్" ఉండనివ్వండి, అయితే వాక్యానికొకటి కాకుండా ఉత్తరానికి ఒకటి చాలు.