మొగ్గతోనే ఇచ్చేయండి

"డిసెంబరు వస్తోంది, ఆఫీసులో అందరూ ఒకరికొకరు ఏదో ఒకటి ఇచ్చుకుంటారట. మేం ఇండియా నుంచి కొత్తగా వచ్చాం, చేతిలో డబ్బు అంతంతమాత్రం. ఏమివ్వమంటారు?" ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. నా జవాబు మారదు. పూలదుంపలు పెంచి ఇవ్వండి. ఇక్కడ వాటిని బల్బులంటారు. మొదటిసారి విన్నప్పుడు నేను కరెంటు బల్బే అనుకున్నాను లెండి.

ఉల్లిపాయలా ఉండే ఆ దుంపలోనే మొగ్గా, దానికి కావలసిన ఆహారమూ దాగి ఉంటాయి. అందుకే ఎరువు గొడవ లేదు. కొన్నిటికి మట్టి కూడా అక్కర్లేదు.

కొత్తవాళ్ళు పేపర్‌వైట్లతో మొదలుపెట్టడం మంచిది. నార్సిసస్ జాతిలో తెల్లగా గుత్తులుగా పూసే రకం ఇది. ఖాళీ అయిన గాజు సీసా ఒకటి కడిగి, అడుగున రెండంగుళాల మేర గులకరాళ్ళు పోయండి. దుంపల మొన పైకి ఉండేలా పక్కపక్కనే ఇరికించి, కదలకుండా చుట్టూ ఇంకొన్ని రాళ్ళు వేయండి. నీళ్ళు దుంప అడుగును తాకీ తాకనట్టు ఉండాలి. దుంప నీళ్ళలో మునిగితే కుళ్ళిపోతుంది. వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెడితే నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తుంది.

దీనితో ఒకటే చిక్కు. వెచ్చని గదిలో కాడలు బారుగా సాగి, సరిగ్గా పూసే వేళకి వాలిపోతాయి. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు దీనికి తమాషా మందు చెప్పారు: మద్యం! వేళ్ళు వచ్చి, ఆకుపచ్చ మొలక ఒకటి రెండు అంగుళాలు లేచాక పాత నీళ్ళు పారబోసి, నాలుగు నుంచి ఆరు శాతం ఆల్కహాలున్న నీళ్ళు పోయాలి. 40 శాతం వోడ్కా అయితే ఒక వంతుకి ఏడు వంతుల నీళ్ళు. ఆల్కహాలు వల్ల మొక్కకి నీరు కాస్త తక్కువగా అందుతుంది, కాడ పొట్టిగా నిలబడుతుంది, పువ్వు మాత్రం చిన్నదవదు. బీరు, వైన్ పోయకండి, వాటిలోని చక్కెర పడదు. మా ఇంట్లో వోడ్కా సీసా దీనికోసమేనంటే నమ్మినవాళ్ళు తక్కువ.

పేపర్‌వైట్ వాసన కొందరికి ఘుమఘుమ, కొందరికి తలనొప్పి. నలుగురూ కూర్చునే గదిలోకైతే పెద్ద పెద్ద పూలు పూసే అమరిల్లిస్ దుంప మేలు, దానికి దాదాపు వాసనే ఉండదు. దుంపకన్నా అంగుళం వెడల్పైన కుండీ చాలు. దుంపలో పై మూడో వంతు మట్టికి పైన కనిపించేలా నాటి, మొలక కనిపించేదాకా నీళ్ళు పొదుపుగా పోయండి. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కొన్ని పది దాకా కూర్చోబెడతాయి.

కంకిలా గుత్తుగా పూసే హయసింత్ కూడా అందమైనదే కానీ దానికి ముందు పది నుంచి పదమూడు వారాల చలి కావాలి. ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, అయితే ఆపిల్ పళ్ళ పక్కన వద్దు. పళ్ళు వదిలే ఇథిలీన్ వాయువుకి లోపలి మొగ్గ మాడిపోతుంది. సెప్టెంబరులోనే మొదలుపెట్టాలి కాబట్టి ఇప్పుడు గుర్తొచ్చినవాళ్ళు దాన్ని మరిచిపోవచ్చు. పట్టుకునేటప్పుడు చేతికి గ్లౌజులు ఉండాలి, కొందరికి దురద పెడుతుంది.

ఎప్పుడు నాటాలో ఇచ్చే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. మొదటి ఏడాది నేనది చేయలేదు. డిసెంబరు మొదటివారంలో పేపర్‌వైట్లు పెట్టి, క్రిస్మస్ నాటికి నాలుగు ఆకులూ, వాటి మధ్య ఒక ముడుచుకున్న మొగ్గా తప్ప ఏమీ లేని సీసాని సిగ్గుపడుతూ ఎదురింటావిడ చేతిలో పెట్టాను. జనవరిలో ఆవిడ తలుపు తట్టి, "రా, పూసింది చూద్దువుగాని" అని లాక్కెళ్ళింది. అంతవరకు మేం గుడ్ మార్నింగ్ దాటి మాట్లాడుకున్నది లేదు. అప్పటినుంచి విచ్చిన పువ్వు ఎవరికీ ఇవ్వను. పైగా పూసిన మొక్క దారిలో కాడ విరిగి చేరుతుంది. మొగ్గ తొంగిచూడగానే ఇచ్చేస్తాను.

ఇండియా నుంచి సూట్‌కేసులో దుంపలు తెచ్చుకుందామని మాత్రం అనుకోకండి. మొక్కలకీ దుంపలకీ చాలా దేశాల్లో కట్టుబాట్లున్నాయి, ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.

సీసాకి రిబ్బను కట్టి, చిన్న కార్డు తగిలించండి. నీళ్ళు ఎంతవరకు పోయాలో, ఎక్కడ పెట్టాలో రెండు ముక్కలు రాయండి. పూలు వాడాక పేపర్‌వైట్‌ని పారేయమని, అమరిల్లిస్ ఆకులు మాత్రం కోయవద్దని చెప్పండి. ఎండ తగిలితే అది మళ్ళీ ఏడాదికి పూయగలదు. ఇంకొకటి, ఈ దుంపలన్నీ విషమే, పిల్లలకీ పిల్లులకీ కుక్కలకీ అందకూడదు. నేనైతే కార్డు మీద అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాలతో "ఇది ఉల్లిపాయ కాదు" అని రాస్తాను.