కనికరించడం, జాలిపడటం ఒకటేనా?

సందేహం: దేవుడు మనల్ని కనికరించాడని ప్రార్థనలో అంటాం. తోటివారి విషయంలో ‘కనికరించాను’ అనడానికి మాత్రం నోరు రాదు. అక్కడ ‘జాలిపడ్డాను’ అంటే సరిపోతుందా? కృప, కనికరం, జాలి ఒకటేనా?

సమాధానం: ఒకటి కావు. ‘మీ కృప వల్ల క్షేమంగా ఉన్నాం’ అని పెద్దలతో అంటాం గాని, ‘నా కృప వల్ల మీరు క్షేమంగా ఉన్నారు’ అని ఎవరైనా అంటే అది వెటకారమో, అహంకారమో అవుతుంది. కృప అన్నది, దాన్ని పొందినవారి నోట వినవలసిన మాట. కనికరానికీ కొంత ఆ స్వభావం ఉంది కాబట్టే మీకు నోరు రాలేదు. ఆ తడబాటు భాష తెలిసినవారికే కలుగుతుంది.

అయితే దాని బదులు జాలి వాడితే అర్థం తగ్గుతుంది. ‘జాలిపడ్డాడు గాని సాయం చేయలేదు’ అనవచ్చు. ‘కనికరించాడు గాని ఏమీ చేయలేదు’ అంటే వాక్యం పొసగదు. ఒకరి మీద జాలిపడతాం, ఒకరిని కనికరిస్తాం. రెండోది సకర్మక క్రియ, దాని ఫలం అవతలివారికి చేరాలి. (‘కనికరపడి’ అన్నప్పుడు మళ్లీ ‘మీద’ వస్తుంది, అది ‘పడు’ చేసే పని.) దారిలో గాయాలతో పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మంచి సమరయుని కథలో తెలుగు బైబిలు ‘జాలిపడి’ అనే అంటుంది గాని అక్కడ ఆగదు, దగ్గరకు పోయి, నూనె, ద్రాక్షారసం పోసి, గాయాలు కట్టి అంటూ క్త్వార్థకాల (అసమాపక క్రియల) వరుసతో ఆ జాలిని నడిపిస్తుంది.

51వ కీర్తన మొదటి వచనంలో కృప, కరుణింపుము, వాత్సల్యము మూడూ ఉన్నాయి. వాత్సల్యమన్న చోట మూలంలోని హెబ్రీ మాట ‘రహమీమ్’. అది గర్భమనే అర్థమున్న ‘రెహెమ్’కు చుట్టం. మన వాత్సల్యం దూడ, బిడ్డ అనే అర్థాలున్న ‘వత్స’ నుంచి వచ్చింది. అక్కడ తల్లి కడుపు, ఇక్కడ బిడ్డ! అనువాదకులు ఎరిగి ఎంచుకున్నారో లేదో గాని, ఇంతకంటే దగ్గరి మాట తెలుగులో దొరకదు.

ఇక మనుషులకు ‘కనికరించు’ అనే క్రియ వాడవచ్చా? మత్తయి సువార్త 18వ అధ్యాయంలో పదివేల తలాంతుల కొండంత అప్పుకు క్షమాపణ పొందిన దాసుడు నూరు దేనారాల చిన్న బాకీ కోసం తోటివాని గొంతు పట్టుకుంటాడు. అప్పుడు యజమాని, ‘నేను నిన్ను కరుణించిన ప్రకారము నీవును నీ తోడిదాసుని కరుణింపవలసి యుండెను గదా’ అంటాడు. కరుణించడం కనికరించడం వంటిదే; యజమానికో క్రియ, దాసునికో క్రియ అని అక్కడ లేదు. కాబట్టి ‘కనికరించాలి’, ‘కనికరం గలవారు’ అని నిస్సంకోచంగా రాయండి. ‘నేను కనికరించాను’ అన్నదొక్కటి మానండి. చెప్పక తప్పనప్పుడు ‘అప్పు వదిలేశాను’ అనో, ‘ఆసుపత్రికి తీసుకెళ్లాను’ అనో, చేసిన పనినే చెప్పండి.