మేనల్లుడికి, నువ్వు పెట్టబోయే రేడియో గురించి

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

మన గోదావరి లంక ఊళ్లకి ఓ ఎఫ్‌ఎం స్టేషన్ పెడతానని, అది పూర్తిగా నీ సొంతమై ఉండాలని, అందులో ఇంకెవరి మాటా చెల్లకూడదని మీ అమ్మతో అన్నావట. ఆ పట్టుదల నాకు నచ్చింది. అమలాపురంలో వాల్వు సెట్ల రోజుల నుంచి రేడియోలు బాగుచేసినవాణ్ణి కనుక, నాకు తెలిసింది నీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

ముందు చేదు మాట. నువ్వనేది కమ్యూనిటీ రేడియో, అంటే ఊరివాళ్లు లాభం చూసుకోకుండా తమకోసం నడుపుకునే చిన్న స్టేషన్. మన దేశంలో ఒక మనిషి పేరు మీద కమ్యూనిటీ రేడియో ఇవ్వరు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకి, 2006లో స్వచ్ఛంద సంస్థలకి కమ్యూనిటీ రేడియో పెట్టుకునే దారి తెరిచారు. వ్యక్తులకి, రాజకీయ పార్టీలకి, లాభం కోసం నడిచే కంపెనీలకి అందులో చోటు లేదు. పట్నాల్లోని ప్రైవేటు ఎఫ్‌ఎంలు వేలంలో పాడుకున్నవి, ఆ డబ్బు మనవల్ల అయ్యేది కాదు. కాబట్టి ఓ సొసైటీ రిజిస్టర్ చెయ్యి, లేదా ఊళ్లో ఇప్పటికే మంచి పని చేస్తున్న సంస్థలో చేరు. రిజిస్టరై కనీసం మూడేళ్లు నిండి, చేసిన సేవ చూపించగలిగితేనే అనుమతి వస్తుంది.

అలాగని మొండివాళ్లకి రేడియోలో చోటు లేదని కాదు. అసలు రేడియో మొదలైందే అలాంటివాళ్లతో. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1924 జులై 31న, సి.వి. కృష్ణస్వామి చెట్టి పెట్టిన రేడియో క్లబ్బు మద్రాసులో ప్రసారం మొదలెట్టింది. ఆలిండియా రేడియో అన్న పేరే ఇంకా పుట్టలేదు. డబ్బు చాలక 1927లో క్లబ్బు మూతపడింది. ట్రాన్స్‌మిటర్‌ని మద్రాసు కార్పొరేషన్‌కి ఇచ్చేశారు, కార్పొరేషన్ 1930లో ప్రసారాలు మొదలెట్టింది. పెట్టినవాడి చేతిలో నిలవకపోయినా ఊరికి రేడియో మిగిలింది. నాకు ఆయనంటే చాలా గౌరవం.

చట్టానికి అందకుండా ఇంగ్లండు తీరానికి ఆవల సముద్రంలో ఓడని లంగరేసి 1964లో రేడియో కెరొలైన్ నడిపిన రోనన్ ఓరాహిలీ మరో రకం. తను ప్రోత్సహిస్తున్న గాయకుడి పాట ఎవరూ వెయ్యకపోతే, తనే ఓ స్టేషన్ పెట్టేశాడు. 1967 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ఇలాంటి ఓడలకి వ్యతిరేకంగా చట్టం అమల్లోకి తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో బీబీసీ కుర్రకారు కోసం కొత్త రేడియో పెట్టి, ఆ ఓడల మీద పనిచేసినవాళ్లనే తీసుకుంది. ఒక మనిషి పంతం సర్కారు రేడియో తీరునే మార్చింది.

మన దగ్గర కథ వేరేలా నడిచింది. బీహార్‌లోని మన్సూర్‌పూర్‌లో రాఘవ్ మహతో అనే రేడియో మెకానిక్ 50 రూపాయల సామానుతో ట్రాన్స్‌మిటర్ చేసి ఊరికి పాటలు, కబుర్లు వినిపించాడని పత్రికలు రాశాయి. లైసెన్సు లేదని 2006లో ఆపించేశారు. సాటి మెకానిక్‌గా ఆ వార్త చదివినప్పుడు నా కడుపు తరుక్కుపోయింది. అయినా నీకు గట్టిగా చెబుతున్నాను: ఒక్కరోజైనా, సరదాకైనా, లైసెన్సు లేకుండా గాలిలోకి వెళ్లకు. అది నేరం. రేపు అర్జీ పెట్టుకునే సంస్థ మీద మచ్చ పడుతుంది.

వీళ్ల నుంచి నువ్వు నేర్చుకోవాల్సింది ఆస్తి గురించి కాదు, అభిరుచి గురించి. కమిటీ అందరిదీ కానివ్వు. కానీ రాత్రి తొమ్మిదికి ఏం రావాలి, ఎవరి గొంతు వినపడాలి అన్న దగ్గర పట్టు విడవకు. ఒకప్పటి మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో చూడు. వాళ్ల యాసలో, వాళ్ల విత్తనాల గురించి, వాళ్ల పాటలతో నడిచింది. ఎవరి కోసమూ మాట మార్చుకోలేదు.

అందుకే లైసెన్సు వచ్చేదాకా ఆ మూడేళ్లూ రికార్డు చెయ్యి. ఊళ్లో పిచ్చి ఉన్నవాళ్లని వెతుకు. గ్రామఫోన్ రికార్డులు పోగుచేసే మేష్టారు ఒకరుంటారు. గరగల పాటలన్నీ వచ్చిన ముసలమ్మ ఉంటుంది. సంక్రాంతికి జగ్గన్నతోట తీర్థంలో ఊరేగే ప్రభల గురించి పొద్దుగూకేదాకా చెప్పగలిగినవాడు ఉంటాడు. ఒక్కొక్కరికి వారంలో ఒక గంట ఇచ్చి, అందులో నువ్వు వేలు పెట్టకు. సినిమా పాటలతో నింపెయ్యాలని మనసు లాగుతుంది. వాటి హక్కులకి డబ్బు కట్టాలి, పైగా అవి ఫోన్‌లోనే దొరుకుతాయి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికులతో తయారవ్వాలని రూలే ఉంది.

అన్నిటికంటే నా మనసుకి దగ్గరైంది వరద. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు టీవీలో చెబుతారు. కానీ 13.75 అంటే మన కాజ్‌వేల్లో ఏది మునుగుతుంది, ఏ రేవులో ఏరు దాటించే పంటు ఆగిపోతుంది, ఏ లంకలోవాళ్లు పశువుల్ని ఏటిగట్టు ఎక్కించాలి అన్నది ఎవరూ చెప్పరు. పడవ నడిపే పెద్దల దగ్గర కూర్చుని ఊరూరికీ ఆ పట్టిక రాసుకో. సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలే మళ్లీ వెయ్యాలి. అయితే వాతావరణం, విపత్తు హెచ్చరికలు, కరెంటు, మంచినీళ్లు, ఆరోగ్యం లాంటివి వార్తల కిందకి రావు, అవి ధైర్యంగా చెప్పొచ్చు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి కోనసీమలో కరెంటు పోయాక బ్యాటరీ రేడియో ఉన్న ఇంటి చుట్టూ జనం చేరారు. ఆ రాత్రి కబురు విజయవాడ నుంచి రావాల్సి వచ్చింది, పక్క ఊరి సంగతి మాత్రం తెలియలేదు. నీ స్టేషన్ అందుకు ఉండాలి.

సామాను సంగతి. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, యాంటెన్నాతో కలిపి 100 వాట్ల ప్రసార శక్తి, యాంటెన్నా నిలబెట్టే మాస్టు 30 మీటర్లు దాటకూడదు. మనది బల్లపరుపు నేల కాబట్టి సిగ్నల్ బాగా పాకుతుంది. శత్రువు ఉప్పుగాలి. కేబుల్ కనెక్టర్లు తుప్పు పట్టకుండా రబ్బరు టేపు చుట్టి, వానాకాలానికి ముందు విప్పి చూడు. ఎర్తింగులో, పిడుగు కడ్డీలో ఒక్క రూపాయి కూడా మిగల్చాలని చూడకు. కరెంటు పోయినా రెండ్రోజులు నడిచేలా బ్యాటరీలో, జనరేటరో పెట్టుకో. వేసిన ప్రతి కార్యక్రమం రికార్డూ మూడు నెలలు దాచాలి.

డబ్బు విషయంలో ఒకటే. 2024 నుంచి గంటకి 12 నిమిషాల ప్రకటనలకి వీలుంది. కొబ్బరి వ్యాపారులు, మేత కంపెనీలు, విత్తనాల కొట్లవాళ్లు వస్తారు, తీసుకో. రోగాలు నయం చేస్తామనేవాళ్లని గుమ్మం తొక్కనివ్వకు. అమెరికాలో బ్రింక్లీ అనే డాక్టరు సొంత స్టేషన్‌లో తన వైద్యాన్నే అమ్ముకుంటే, 1930లో రేడియో లైసెన్సూ, డాక్టరు లైసెన్సూ రెండూ పోయాయి. ఆయన మాట నమ్మి ఆపరేషన్లు చేయించుకున్న పేదల గతి అంతకంటే ఘోరం.

సంక్రాంతికి వచ్చేటప్పుడు సొసైటీ నిబంధనల ముసాయిదా రాసుకుని రా. సభ్యుల్లో పంటు నడిపేవాళ్లు ఒకరు, డ్వాక్రా సంఘాల నుంచి ఇద్దరు, కొబ్బరి దింపు కార్మికులు ఒకరు తప్పకుండా ఉండాలి. పేర్లు నేను అడిగి పెడతాను. అత్తయ్య నిన్ను పూతరేకులకి రమ్మంటోంది.

మీ మావయ్య