సముద్రం లేని ఊరి ఉప్పు కయ్యలు

ప్రశ్న: మాది ఇస్కపల్లి. తరతరాలుగా ఉప్పు పండిస్తున్నాం. దక్షిణ అమెరికా కొండల్లో మరాస్ అనే రైతుల ఊళ్ళోనూ ఉప్పు కయ్యలున్నాయని విన్నాను. సముద్రం లేనిచోట ఉప్పెలా పండుతుంది? ఆ ఊరు దానిమీదే బతుకుతోందా?
— ఒక ఉప్పు రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: మీరు విన్నది నిజమే. పెరూ దేశపు ఆండీస్ పర్వతాల్లో, కుస్కో నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, 3,000 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న ఊరు మరాస్. పూర్వకాలపు సముద్రం ఎండి రాతిపొరల్లో మిగిల్చిన ఉప్పును కరిగించుకుంటూ అక్కడ ఒక ఊట పైకి ఉబుకుతుంది. ఆ నీటిని సన్నటి కాలువ ద్వారా కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన 3,000కు పైగా చిన్న కయ్యలకు పారిస్తారు. కయ్య నిండగానే గండి పూడ్చి, నీరు ఇగిరాక మళ్ళీ పెడుతూ, ఉప్పు పేరుకున్నాక గీకి తీస్తారు. మీరు నీళ్ళు తోడుకోవాలి, వారికి ఆ శ్రమ వాలే తప్పిస్తుంది. అయితే ఊట ఒక్కటే కాబట్టి పైవారు గండి మూయడం మరచిపోతే కిందివారి పంట పోతుంది. ఇరుగుపొరుగు సఖ్యతగా ఉండకపోతే ఈ సాగు ఒక్కరోజు కూడా నడవదు.

ఇక బతుకుతెరువు మాటకొస్తే, వారు మొదట రైతులే. వానాకాలంలో ఉప్పు బురదబారుతుంది కనుక అప్పుడు మొక్కజొన్న, బంగాళాదుంప, బార్లీ చేల పని చూసుకుంటారు. మే నుంచి అక్టోబరు దాకా ఎండలు కాసే నెలల్లో కయ్యల్లోకి దిగుతారు. ఒకే కుటుంబానికి చేనూ కయ్యా రెండూ ఉండడమే ఆ ఊరిని నిలబెట్టిందని నా నమ్మకం.

స్పెయిన్‌వారు రాకముందు ఆ ప్రాంతాన్ని ఏలిన ఇన్కాలకు ముందునుంచే అక్కడ ఉప్పు తీస్తున్నారని చెబుతారు. స్పానిష్ పాలనలో కంచరగాడిదల మీద ఆ ఉప్పు దూరప్రాంతాలకు వెళ్ళేది. నాటి చెక్కడపు రాతి ద్వారబంధాలు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. 1896లో పెరూ ప్రభుత్వం, చిలీతో యుద్ధంలో చేజారిన టాక్నా, ఆరికా ప్రాంతాలను విడిపించుకునేందుకు డబ్బు కావాలని ఉప్పుమీద పన్ను వేసింది. 1930లో ప్రకాశం పంతులుగారు దేవరంపాడులో ఉప్పు వండించిన చరిత్ర తెలిసిన మనకు, పేదవాడి కూడులో పడే చిటికెడు ఉప్పుమీద పన్ను ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు కయ్యలున్న కుటుంబాలు ఉమ్మడిగా ఉప్పు అమ్ముకుంటున్నాయి, చూడవచ్చేవారు కట్టే ప్రవేశ రుసుము కూడా వారికి ఆదాయమవుతోంది.