నెలలు నిండని బిడ్డల వార్డుకు ఏమిస్తే పనికొస్తుంది?

ప్రశ్న: మా పాప 31 వారాలకే 1,400 గ్రాముల బరువుతో పుట్టింది. జిల్లా ఆసుపత్రి నవజాత శిశువుల వార్డులో (ఎస్‌ఎన్‌సీయూ) పెట్టి కాపాడారు. వచ్చే నెల మొదటి పుట్టినరోజు. ఫంక్షన్ మానేసి, బంధుమిత్రుల దగ్గర రెండు లక్షలు పోగుచేసి ఆ వార్డుకే ఒక వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రం), పాలపొడి డబ్బాలు ఇద్దామనుకుంటున్నాం. మా అన్నయ్య కూడా అమెరికా నుంచి పంపుతానంటున్నాడు. ఎలా చేస్తే మంచిది?
– ఒక జంట, ఏలూరు

జవాబు: పాపకు మా ఆశీస్సులు. పాలపొడి ఆలోచన మాత్రం ఇప్పుడే మానుకోండి. 1992లో వచ్చిన చట్టం ప్రకారం పాలపొడి, పాలసీసాలు అనాథాశ్రమాలకు తప్ప ఇంకెవరికీ దానంగా ఇవ్వకూడదు. దానికి కారణం ఉంది. నెలలు నిండని బిడ్డకు డబ్బాపాలు పడితే పేగులు వాచి కుళ్లే జబ్బు వచ్చే ముప్పు తల్లిపాలతో కంటే ఎక్కువ. చప్పరించే బలం ఇంకా రాని బిడ్డకు తల్లి పిండిన పాలనే ఉగ్గుగిన్నెతో పడతారు. కాబట్టి మూతలున్న స్టీలు గిన్నెలు, స్టీలు ఉగ్గుగిన్నెలు ఇవ్వండి. మరిగించి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. కొనేటప్పుడు ఉగ్గుగిన్నె ముక్కును వేలితో తడిమి చూడండి, అంచు గరుకుగా ఉంటే బిడ్డ పెదవి గీరుకుంటుంది.

వార్మర్ విషయంలోనూ తొందరపడొద్దు. అది మూలన పడడానికి ఒక సన్నని తీగ తెగితే చాలు. ఆ తీగ చివర, బిడ్డ పొట్టమీద అంటించే ప్రోబు ఉంటుంది; అది ఒంటి వేడిని చూసి హీటర్‌ను నడుపుతుంది. ప్రోబు ఊడిపోతే బిడ్డ చల్లబడిందనుకుని యంత్రం వేడి పెంచుతూ పోతుంది. తెగితే ఆ కంపెనీ, ఆ మోడల్ ప్రోబే కావాలి, వేరేది పట్టదు. అందుకే ముందు వార్డు ఇన్‌చార్జి డాక్టర్‌నీ, హెడ్ నర్సునీ కలిసి రెండు సంగతులు అడగండి: ఏ పరికరాలు పనిచేయకుండా ఉన్నాయి, దేనివల్ల? కొత్తది కొనేకంటే ఉన్న నాలుగింటికి ప్రోబులు తెప్పించడమే మేలని తేలవచ్చు. కొత్తదే కావాలంటే వార్షిక మరమ్మతు ఒప్పందం, అదనపు ప్రోబులు కలిపి లెక్క వేసుకోండి.

మా మాట అడిగితే, మీ డబ్బులో పెద్ద వాటా తల్లుల కోసం ఖర్చుపెట్టండి. కంగారూ సంరక్షణలో బిడ్డకు డైపర్, టోపీ, సాక్సు మాత్రమే ఉంచి, తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకుంటారు. రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే ఇంకా ఎక్కువ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాన్పై పది రోజులైనా కాని బాలింత ప్లాస్టిక్ కుర్చీలో గంటసేపు కూర్చోవడమే కష్టం. సిజేరియన్ కుట్లుంటే ఇక చెప్పనక్కర్లేదు. వెనక్కి వాలే కుర్చీలు కొనండి. చేతులు ఆన్చుకునే పట్టీలుండాలి, పైన గుడ్డ కాకుండా తుడవగలిగే రెక్సిన్ ఉండాలి. కొనేముందు మంచాల మధ్య ఖాళీ కొలిచి తీసుకోండి, కుర్చీ పూర్తిగా వాలాక పట్టాలి కదా. తండ్రులూ, అమ్మమ్మలూ కూడా వాటిలో కూర్చుని బిడ్డను ఎత్తుకోవచ్చు.

ఎవరికీ గుర్తురాని ఖర్చు ఒకటుంది: ఇంటికి వెళ్లాక తిరిగి రావడానికి దారిఖర్చులు. 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన నెలలోపు కంటిలోని రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాల లోపు పుడితే రెండు మూడు వారాలకే చూపించాలి. ఆ పరీక్ష తప్పితే, చికిత్సతో ఆపగలిగిన అంధత్వం శాశ్వతమయ్యే ప్రమాదముంది. కూలికి వెళ్లే తండ్రి ఆ రోజు కూలీ, బస్సు ఛార్జీలు లెక్కేసుకుని ఆగిపోతాడు. ఆ ఛార్జీలకు కొంత డబ్బు విడిగా పెట్టించండి.

ఇక వసూలు సంగతి. మీ సొంత ఖాతాకో, ఫోన్‌పేకో వేయించుకోవద్దు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఖాతాకు గానీ, నవజాత శిశువుల కోసం పనిచేసే రిజిస్టరైన ట్రస్టుకు గానీ దాతలే నేరుగా పంపాలి. పన్ను మినహాయింపు కావాలంటే ఆ సంస్థకు 80జి (దాతలకు పన్ను మినహాయింపు ఇప్పించే ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు) ఉందో లేదో ముందే కనుక్కోండి. ప్రతి దాత పాన్ నంబరు రాయించండి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే రాదు. మీ అన్నయ్యగారు భారత పౌరులుగానే ఉంటే తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు, అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే విదేశీ విరాళాలు తీసుకునే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్న ట్రస్టుకే ఇవ్వాలి. మీ ఖాతాకు వేయించుకుని అక్కడి నుంచి మళ్లించే పని పెట్టుకోకండి.

అప్పగించే రోజు బంధువులందరితో లోపలికి వెళ్లకండి, ఆ బిడ్డలకు ఇన్‌ఫెక్షన్ ఇట్టే సోకుతుంది. ఇతరుల బిడ్డలు పడేలా ఫోటోలు తీయకండి. ఇచ్చిన ప్రతి వస్తువూ ఆసుపత్రి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కేదాకా ఉండి, ఆ నంబరు రాయించుకోండి. రిజిస్టర్‌లో లేని కుర్చీ విరిగితే బాగుచేయించడానికి ఆసుపత్రి లెక్కల్లో చోటుండదు.