విమానం లెక్కలు, మనిషి మాట

తమ్ముడూ,

జెఫ్రీ ఎప్‌స్టీన్ అనే అమెరికా కోటీశ్వరుడు మైనర్ అమ్మాయిలను లైంగికంగా వాడుకోవడానికి సాయపడిందన్న కేసులో గిలేన్ మాక్స్‌వెల్ మీద జరిగిన విచారణ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. అయినా మొదటి రెండు పేజీలు కొట్టేశాను. "విమానమెక్కిన మహానుభావులు" అని ఉపశీర్షిక పెట్టి క్లింటన్, ట్రంప్, ప్రిన్స్ ఆండ్రూ, కెవిన్ స్పేసీ మొదలుకొని వయొలిన్ విద్వాంసుడు ఇత్జాక్ పెర్ల్‌మన్ దాకా అందర్నీ ఒకే వరసలో నిలబెట్టావు. చదివేవాళ్ళకి ఏమనిపిస్తుంది? వీళ్ళంతా ఒక తాను గుడ్డలే అనిపిస్తుంది. దానికి నీ దగ్గరున్న ఆధారమల్లా వాళ్ళు జెఫ్రీ ఎప్‌స్టీన్ విమానంలో ఎప్పుడో ప్రయాణం చేశారన్నదే.

ఆ పేర్లు కోర్టు రికార్డులోకి ఎలా ఎక్కాయో గమనించావా? 2021 నవంబర్ 29న న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో విచారణ మొదలైంది. ప్రాసిక్యూషన్ పిలిచిన మొదటి సాక్షి లారెన్స్ విసోస్కీ. ఎప్‌స్టీన్ దగ్గర దాదాపు మూడు దశాబ్దాల పాటు పైలట్‌గా పనిచేసినవాడు. అతన్ని క్రాస్ ఎగ్జామిన్ చేస్తూ ఆ పెద్దపెద్ద పేర్లు ఒక్కొక్కటే అడిగి చెప్పించింది మాక్స్‌వెల్ లాయరు. అవును, డిఫెన్స్ వాళ్ళే. ఇంతమంది ప్రముఖులు ఎక్కి దిగిన విమానంలో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు కదా అని జూరీకి తోచడం వాళ్ళకే లాభం అని నా అంచనా. విమానంలో లైంగిక చర్య ఏదీ తన కంటపడలేదని కూడా విసోస్కీ చెప్పాడు. నిందితురాలి మీదికి నువ్వు వేశాననుకున్న బాణం ఆవిడ అమ్ములపొదిలోదే.

మరి ప్రాసిక్యూషన్ అతన్ని ముందుగా ఎందుకు పిలిచింది? ఈ ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు. అతను ఆ ఇళ్ళనూ విమానాలనూ జూరీ కళ్ళముందు పరిచాడు. ఫ్లోరిడాలో పామ్ బీచ్, మన్‌హటన్‌లో ఇల్లు, న్యూ మెక్సికోలో ఫారం, వర్జిన్ ఐలాండ్స్‌లో దీవి. ఆ పరివారంలో ఎప్‌స్టీన్ తర్వాత నంబర్ టూ మాక్స్‌వెల్ అన్నాడు. కోర్టులో "జేన్" అనే మారుపేరుతో సాక్ష్యం చెప్పిన అమ్మాయిని ఎప్‌స్టీన్ ఓసారి కాక్‌పిట్‌లోకి తీసుకొచ్చి పరిచయం చేసిన సంగతి గుర్తుందన్నాడు. చూడ్డానికి పెద్దమ్మాయిలా ఉందని కూడా అన్నాడు. అంటే ఒకే నోట ప్రాసిక్యూషన్‌కి పనికొచ్చే ముక్క, డిఫెన్స్‌కి పనికొచ్చే ముక్క రెండూ వచ్చాయి. నువ్వు మొదటిది తీసుకుని రెండోది వదిలేశావు.

ఆ ప్రయాణాల లెక్క ఉన్న అసలు లాగ్‌బుక్కులు విసోస్కీవి కావు, రెండో పైలట్ డేవిడ్ రోడ్జర్స్‌వి. ఆయన కూడా బోనెక్కాడు. పైలట్ తన లాగ్‌బుక్ రాసుకునేది ఎన్ని గంటలు నడిపాడో లెక్క చూపించుకోవడానికి. తేదీ, విమానం నంబరు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎంతసేపు, ఇవీ అందులో ఉండాల్సినవి. ప్రయాణికుల పేర్లు ఈయన అలవాటుగా పక్కన రాసుకున్నవి. ఎప్‌స్టీన్‌కి జేఈ, మాక్స్‌వెల్‌కి జీఎమ్ అని పొడి అక్షరాలు. కొన్నిచోట్ల పేరు కూడా లేదు, "ఒక స్త్రీ" అని మాత్రమే. పాలవాడి ఖాతా పుస్తకం చూస్తే ఏ ఇంటికి ఏ రోజు ఎన్ని లీటర్లు పోశాడో తెలుస్తుంది, ఆ ఇంట్లో ఎవరు తాగారో తెలియదు. ఇదీ అంతే. ఆ అమ్మాయి వయసెంతో, ఎవరు పిలిస్తే వచ్చిందో, దిగాక ఏం జరిగిందో లాగ్‌బుక్ చెప్పదు. ఆ పైలట్ నడపని విమానాల సంగతి అసలే చెప్పదు.

అయితే అది చెప్పేదాన్ని చిన్నచూపు చూడకు. పాతికేళ్ళ కిందటి సంగతి చెబుతున్న సాక్షికి ఆ పుస్తకం ఒక తేదీని, ఒక విమానాశ్రయాన్ని ఇస్తుంది. ఆ పుస్తకం రాసేనాటికి కేసు లేదు, లాయర్లు లేరు, పరిహారం ఊసు లేదు. ఎవరినో ఇరికించడానికో కాపాడటానికో రాసింది కాదు గనక దానికా బలం. మాక్స్‌వెల్ లాయరు బాబీ స్టెర్న్‌హైమ్ తన వాదన మొత్తాన్ని జ్ఞాపకం, మానిప్యులేషన్, డబ్బు అనే మూడు మాటల చుట్టూ కట్టింది. బాధితుల జ్ఞాపకాలు చెదిరిపోయాయని, డబ్బు కోసం మలుపు తిరిగాయని. అలాంటి వాదనకి ఎదురుగా నిలబడాలంటే ఇలాంటి కాగితమే కావాలి.

ఇప్పుడు నీ వ్యాసానికి నడుం కాగల ఘట్టం చెబుతాను. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. జూరీ చర్చల మధ్యలో, డిసెంబర్ 27న, జడ్జి అలిసన్ నేథన్‌కి ఒక చీటీ పంపింది. సారాంశం ఇది: జేన్ న్యూ మెక్సికోకి వెళ్ళిన విమానం విషయంలో కాకుండా, తిరుగు ప్రయాణం విషయంలో మాత్రమే నిందితురాలు సాయం చేసిందనుకుంటే, నాలుగో అభియోగం కింద ఆమెను దోషి అనొచ్చా? నాలుగో అభియోగమంటే, చట్టవిరుద్ధమైన లైంగిక చర్య ఉద్దేశంతో మైనర్‌ని రాష్ట్రం దాటించడం. అమెరికాలో ఇలాంటి నేరాలను మామూలుగా రాష్ట్రాలే చూసుకుంటాయి. మనిషి రాష్ట్ర సరిహద్దు దాటితే ఫెడరల్ చట్టం రంగంలోకి వస్తుంది. 1910 నాటి మాన్ చట్టం నుంచి వస్తున్న దారి అది. అందుకే ఆ కేసులో విమానానికి అంత విలువ. అందుకే ఏ విమానం, ఏ వైపు, ఎవరు ఏర్పాటు చేశారు, ఏ ఉద్దేశంతో అని పన్నెండు మంది తలలు పట్టుకున్నారు. పైగా ఆ అభియోగం న్యూయార్క్ రాష్ట్ర చట్టం మీద నిలబెట్టినది. ప్రశ్న న్యూ మెక్సికో గురించి. జడ్జి సూటిగా అవుననీ కాదనీ చెప్పలేదు, తానిచ్చిన సూచనలను మళ్ళీ చూడమంది. డిఫెన్స్ దీన్ని అప్పీలు దాకా తీసుకెళ్ళింది, అక్కడ నెగ్గలేదు.

డిసెంబర్ 29న తీర్పొచ్చింది. ఆరింట ఐదు అభియోగాల్లో దోషి. నాలుగోదాంట్లో దోషి, రెండోదాంట్లో మాత్రం కాదు. రెండోది కూడా జేన్‌కి సంబంధించినదే, ఆమెను ప్రయాణానికి ప్రలోభపెట్టిందన్నది. సాక్షి ఒకరే, జూరీ రెండు జవాబులు చెప్పింది. "జూరీ జేన్‌ని నమ్మింది" అని నువ్వు రాసిన వాక్యం అందుకే సరిపోదు. ఆమె మాటలో ఏ భాగం ఏ అభియోగాన్ని రుజువు చేసింది, ఏదాన్ని చేయలేకపోయింది అన్నది రాయి. కష్టమే. కోర్టు రాతలో అసలు పని అక్కడే ఉంది.

ఇంకో విచిత్రం చూడు. అన్నిటికంటే బరువైన ఆరో అభియోగం, మైనర్ లైంగిక అక్రమ రవాణా, నిలబడింది విమానాల మీద కాదు. అది కారొలిన్ సాక్ష్యం మీద నిలబడింది. కోర్టులో ఆమె ఈ మొదటి పేరుతోనే కనిపించింది. ఆమె కథంతా పామ్ బీచ్ ఇంటి చుట్టూనే. పధ్నాలుగేళ్ళ వయసులో మొదలై, మసాజ్ అనే పేరుతో, ప్రతిసారీ చేతిలో డబ్బు పెట్టి సాగినది. ఆమె మాటకి తోడుగా వచ్చిన కాగితాలు ఆ ఇంట్లోని ఫోన్ మెసేజ్ పుస్తకాలు, న్యూయార్క్ నుంచి ఆమె పేరున వచ్చిన ఫెడెక్స్ పార్సెళ్ళ రికార్డులు. లోకమంతా ఫ్లైట్ లాగ్స్ అని కలవరిస్తుంటే శిక్షలో పెద్ద ముక్క కొరియర్ రసీదుల పక్కన కూర్చుని ఉంది. నీ వ్యాసంలో ఫెడెక్స్ మాటే లేదు.

సాక్షుల సంగతి. జేన్ బోనులో తడబడిన చోట్లను నువ్వు దాచేశావు, ఆమె మీద జాలితో అనుకుంటాను. దాచకు. తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎప్‌స్టీన్‌తో న్యూయార్క్‌లో చూశానని చెప్పిన ఒక మ్యూజికల్ (పాటల నాటకం) 1997 దాకా అక్కడి బ్రాడ్‌వే నాటకశాలలకి రానేలేదని డిఫెన్స్ ఎత్తి చూపింది. ఎఫ్‌బీఐ వాళ్ళ నోట్సులో ఒకటి, కోర్టులో ఒకటి చెప్పావేమని గుచ్చి గుచ్చి అడిగింది. ఆ నోట్సు తను రాసింది కాదని జేన్ అంది. ఇది మన కోర్టుల్లోనూ ఉన్నదే. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మన చట్టంలో సాక్ష్యం కాదు, సాక్షి మాట మార్చితే నిలదీయడానికి మాత్రం పనికొస్తుంది. మన విలేకర్లలో ఎంతమంది ఈ తేడా పాటిస్తారో నీకూ తెలుసు. తడబాటును రాశాక, దాని పక్కనే ఏది తడబడలేదో కూడా రాయి. పామ్ బీచ్ ఇంటి పనులు చూసిన హువాన్ అలెస్సీ వచ్చి జేన్‌ని ఆ ఇంట్లో చూశానన్నాడు. ఆ ఇంటి నౌకర్లకి ఇచ్చిన నియమాల పుస్తకంలో ఏమీ చూడొద్దు, ఏమీ వినొద్దు, ఏమీ మాట్లాడొద్దు అన్న నియమం ఉంది. సాక్షి తారీకు తప్పు చెబితే కథంతా అబద్ధమనడం ఎంత తొందరపాటో, తప్పు చెప్పిందని రాయకుండా వదిలేయడమూ అంతే.

డిఫెన్స్ తరఫున జ్ఞాపకాల మీద పరిశోధనకు పేరుమోసిన ఎలిజబెత్ లోఫ్టస్ వచ్చి, జరిగిన తర్వాత విన్నవీ చదివినవీ జ్ఞాపకంలో ఎలా కలిసిపోతాయో చెప్పింది. నువ్వు ఆవిడని "డబ్బుకి అమ్ముడుపోయిన నిపుణురాలు" అన్నావు. ఆ మాట తీసెయ్. ఆవిడ చెప్పిన శాస్త్రం తప్పయితే ఎక్కడ తప్పో చూపించు. చూపించలేకపోతే, ఆ శాస్త్రం ఆరోపణలు చేసిన నలుగురు సాక్షులకి ఎంతవరకు వర్తిస్తుందో అడుగు. అది మంచి ప్రశ్న.

నలుగురు అన్నాను గానీ, నలుగురినీ ఒకే గాటన కట్టకు. "కేట్" అనే మారుపేరుతో వచ్చినామె ఆ కాలానికి వయసు రీత్యా ఈ అభియోగాల కిందకి రాదని జడ్జి జూరీకి విడమరిచి చెప్పింది. ఆనీ ఫార్మర్ ఒక్కరే తన పూర్తి పేరుతో వచ్చింది. 1996లో, పదహారేళ్ళప్పుడు తను రాసుకున్న డైరీ తెచ్చింది. సినిమా హాల్లో ఎప్‌స్టీన్ తన చెయ్యి పట్టుకున్న సంగతి అందులో ఉంది. న్యూ మెక్సికోలో మాక్స్‌వెల్ తనకి మసాజ్ చేసిన సంగతి లేదు. డిఫెన్స్ ఆ ఖాళీనే పట్టుకుంది. రాయలేదు కాబట్టి జరగలేదా? పదహారేళ్ళ పిల్ల డైరీలో ఏం రాస్తుందో, ఏం రాయలేక పేజీ తిప్పేస్తుందో నీకు వేరే చెప్పాలా? అయినా ఆ ఖాళీని నువ్వు ఊహతో నింపకు. నువ్వు నింపావు. "ఆ రాత్రి ఆమె కలం కదల్లేదు" అని రాశావు. ఆమె అలా చెప్పలేదు.

అలాగే "కోర్టు హాలంతా కన్నీరుమున్నీరైంది" అన్నదీ పోవాలి. నువ్వక్కడ లేవు. ఫెడరల్ కోర్టులోకి కెమెరాలు రానివ్వరు, బొమ్మలు గీసేవాళ్ళే దిక్కు. నీ చేతిలో ఉన్నది ట్రాన్‌స్క్రిప్టు. దాన్ని చదవడంలో ఒక మెళకువ: లాయరు అడిగిన ప్రశ్న సాక్ష్యం కాదు. "మీరు డబ్బు కోసమే వచ్చారు కదా?" అని లాయరు అంటాడు, సాక్షి కాదంటుంది. మర్నాడు ఇంటర్నెట్‌లో "డబ్బు కోసమే వచ్చానన్న సాక్షి" అని తిరుగుతుంది. అభ్యంతరం నిలబడిన ప్రశ్నకైతే జవాబే ఉండదు. కాబట్టి ఉటంకించే ముందు ఆ వాక్యం ఎవరి నోట్లోదో వేలుపెట్టి చూసుకో.

పేర్ల గురించి గట్టిగా చెబుతాను, ఏమనుకోకు. జేన్ అసలు పేరు ఫలానా అని కొందరు రాస్తున్నారని నీ ఫుట్‌నోట్‌లో సూచించావు. వెంటనే తీసెయ్. మన దగ్గర అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షన్ ఉంది. చట్టం అమెరికా కేసుకి వర్తిస్తుందా అని నాతో వాదించొద్దు. 2018లో చికాగోలో తెలుగు సినిమావాళ్ళ చుట్టూ ఇలాంటి కేసు బయటపడ్డప్పుడు కోర్టు కాగితాల్లో బాధితులకి ఎ, బి, సి అని అక్షరాలే వేశారు. మన చానెళ్ళు ఆ అక్షరాల వెనక ఎవరున్నారని పోటీలు పడ్డాయి. అమెరికా వెళ్ళొచ్చిన ప్రతి నటి మీదా అనుమానం చల్లారు. ఆ పనికి మళ్ళీ పూనుకోవడానికి మనం రాయక్కర్లేదు.

కిందటి వారం ఫోన్‌లో "పెద్దల పేర్లు తీసేస్తే ఎవరు చదువుతారక్కా" అన్నావు. జూరీ చీటీతో మొదలుపెట్టి చూడు. తిరుగు విమానం ఒక్కటే చాలా అని పన్నెండు మంది మామూలు మనుషులు అడుగుతున్నారు. అక్కణ్ణుంచి లాగ్‌బుక్‌కి, లాగ్‌బుక్ నుంచి జేన్‌కి, జేన్ నుంచి కారొలిన్ పార్సెళ్ళకి వెళ్ళు. పెద్దల ప్రస్తావన కావాలంటే క్రాస్ ఎగ్జామినేషన్ దగ్గర పెట్టు, ఆ పేర్లు ఎవరు చెప్పించారో చెప్పి మరీ పెట్టు.

తేదీలు కూడా దిద్దుకో. 20 ఏళ్ళ శిక్ష వేసింది 2022 జూన్ 28న. తీర్పు రోజునే శిక్ష కూడా పడినట్టు రాశావు, అక్కడ ఆ రెండింటికీ మధ్య నెలలు గడుస్తాయి. అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది 2024 సెప్టెంబర్‌లో, సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోనిది 2025 అక్టోబర్‌లో. ఎప్‌స్టీన్ అరెస్టయింది 2019 జులై 6న, పారిస్ నుంచి న్యూజెర్సీలోని టీటర్‌బరో విమానాశ్రయంలో దిగాక. నువ్వు రాసినట్టు పామ్ బీచ్‌లో కాదు.

రెండో ప్రతి వచ్చే ఆదివారంలోగా పంపు. ఆ తర్వాత మనవడి బారసాల పనుల్లో పడతాను, చదవడానికి తీరికుండదు.

మీ అక్క