‘సెండ్ ప్యాకింగ్’ అంటే ప్యాకింగ్ పనికి పంపడం కాదండీ

‘హీ సెంట్ ద సేల్స్‌మన్ ప్యాకింగ్’ అన్న వాక్యం చదివి, సేల్స్‌మన్‌ని సామాను కట్టే పనికి పంపాడా అని ఒకరు అడిగారు. కాదండీ, ఉన్నపళంగా పొమ్మని తరిమేశాడని అర్థం. మనం ‘తట్టాబుట్టా సర్దుకొమ్మన్నాడు’ అంటాం చూడండి, అచ్చం అదే. నిజంగా పెట్టె సర్దుకోనక్కర్లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని లోపలికి రానివ్వకుండా పంపేసినా ఈ మాటే వాడతారు. కొత్తదేం కాదు, షేక్‌స్పియర్ ‘హెన్రీ ద ఫోర్త్’ నాటకం మొదటి భాగంలో ఫాల్‌స్టాఫ్ అనే పాత్ర నోట కూడా వినిపిస్తుంది.

వాడేటప్పుడు మనిషి మధ్యలో రావాలి: ‘సెండ్ హిమ్ ప్యాకింగ్’. ‘సెండ్ ప్యాకింగ్ హిమ్’ అనకూడదు. తరిమించుకున్నవాడి వైపు నుంచి చెప్పాలంటే ‘హీ వాజ్ సెంట్ ప్యాకింగ్’. టోర్నమెంట్‌లో ఓడి ఇంటిదారి పట్టిన జట్టు గురించీ ఇలాగే రాస్తారు.

‘సెండాఫ్’తో మాత్రం కలపకండి, దయచేసి. అది ప్రేమగా సాగనంపడం, ఇది గెంటేయడం. పైగా ఇందులో కాస్త కటువు ఉంది, కాబట్టి ఆఫీసు ఉత్తరాల్లో వద్దు.